కాగితం పూల తీగ: ఆకులే తప్ప పూలు రావడం లేదా? ఇలా చేసి చూడండి

దసరా వెళ్ళి వానలు వెనకబడ్డాయంటే చాలు, నాకు ఒకటే ప్రశ్న. "మొక్క ఏపుగా ఉందండీ, ఆకులు నిగనిగలాడుతున్నాయి, పువ్వు మాత్రం ఒక్కటీ లేదు. ఏం వెయ్యమంటారు?" బరంపురం నుంచి ఇదే అడుగుతారు, గుణుపురం నుంచి, రాయగడ నుంచి ఇదే అడుగుతారు. మా పర్లాకిమిడిలో నాలుగిళ్ళ అవతలి పిన్నిగారిదీ ఇదే ప్రశ్న. ఫోనులో ముక్కలుముక్కలుగా చెబితే సగం మర్చిపోతున్నారని మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. పూలు రాని ఇళ్ళలో నూటికి తొంభై చోట్ల కొత్తగా వెయ్యాల్సింది ఏమీ ఉండదు, వేస్తున్నవి ఆపాలి. రోజూ పోసే నీళ్ళు తగ్గించాలి. యూరియా మానాలి. కుండీని నీడలోంచి లాగి ఎండలో పెట్టాలి. సరైన నెలలో, చెయ్యి వణక్కుండా కొమ్మలు కత్తిరించాలి. ఈ నాలుగూ చేస్తే సంక్రాంతికి మీ గుమ్మం ముందు రంగు కనిపిస్తుంది.

పేరు గురించి ఒక్క మాట. మనం కాగితం పూలంటాం, ఒడియా వాళ్ళు కాగజ ఫుల అంటారు, గడ్చిరోలి, నాందేడ్ వైపు మరాఠీలో బోగన్‌వేల్ అంటారు. నర్సరీలో బోగన్‌విల్లా అని అడగండి. పుట్టిల్లు దక్షిణ అమెరికా. మన చంద్రకాంత మొక్కకీ, పొలం గట్ల మీద పాకే అటికమామిడికీ ఇది బంధువే. రంగురంగులుగా కనిపించేవి నిజానికి ఆకులు. మూడేసి రంగు ఆకుల మధ్య సన్నటి గొట్టాల్లా తెల్లగా ఉంటాయే, అవి అసలు పూలు. వీలు కోసం రంగు ఆకుల్ని కూడా పూలనే అంటాను.

కావలసినవి

- అడుగున కనీసం మూడు కన్నాలున్న 10 లేదా 12 అంగుళాల కుండీ. మట్టి కుండీ అయితే మంచిది, త్వరగా ఆరుతుంది. ప్లాస్టిక్ బకెట్ అయితే కన్నాలు ఇంకో రెండు ఎక్కువ పెట్టండి.
- మట్టి: ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఏటి ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు ఒక పాలు.
- కుండీ కింద పెట్టడానికి మూడు ఇటుక ముక్కలు.
- పదునైన కొమ్మల కత్తెర, దళసరి చేతి తొడుగులు.
- గోనె పురికొస, రెండు మూడు వెదురు బద్దలు.
- ఎముకల పొడి, పొటాష్. రెండూ కొంచెం కొంచెమే.
- వేపనూనె.

ఇసుక విషయంలో జాగ్రత్త. మాకు మహేంద్రతనయ ఏటి ఇసుక దొరుకుతుంది, అది బాగుంటుంది. గోపాలపూర్, బరంపురం వైపు వాళ్ళు సముద్రపు ఒడ్డు ఇసుక మాత్రం తేకండి. ఆ ఉప్పుకి మొక్క ఆకు అంచులు మాడిపోతాయి. పొలంలోంచి తెచ్చిన జిగట వరిమట్టి ఒక్కటే నింపడం కూడా వద్దు. తడిసినప్పుడు ముద్ద, ఎండినప్పుడు రాయి.

1. చోటు చూసుకోండి

రోజుకి ఆరు గంటల నేరుటెండ కావాలి. "మా ఇంటి ముందు బాగా వెలుతురుంటుంది" అంటే సరిపోదు. ఒక ఆదివారం నాడు ఉదయం తొమ్మిదికి, పన్నెండుకి, మూడింటికి కుండీ ఉన్నచోట నిలబడి చూడండి. మూడుసార్లూ మీ నీడ నేల మీద స్పష్టంగా పడాలి. ఒక్కసారే పడితే అక్కడ ఆకులే వస్తాయి. డాబా మీద, పిట్టగోడ పక్కన, దక్షిణం లేదా పడమర ముఖంగా ఉన్న గేటు దగ్గర ఈ మొక్కకి హాయిగా ఉంటుంది. వరండా లోపల, మామిడిచెట్టు కింద పెట్టుకుంటానంటే క్రోటన్లు పెంచుకోండి, ఇది వద్దు.

2. మొక్క కొంటున్నారా?

పూలున్నప్పుడే కొనండి. జనవరి నుంచి మార్చి వరకు మంచి సమయం. మా వైపు కడియం నుంచి వ్యాన్లలో మొక్కలు వస్తాయి. ఒక ఏడాది వర్షాల్లో పసుపు రంగు అని చెబితే పువ్వు లేకుండా కొన్నాను. తొమ్మిది నెలలు సాకితే మామూలు గులాబీ రంగే పూసింది. దాని మీద కోపం లేదు, ఇప్పటికీ గేటు మీద అదే ఉంది. పసుపు కావాలంటే మాత్రం పసుపు పూస్తుండగా కళ్ళతో చూసి తెచ్చుకోండి.

ఒకే మొక్కకి తెలుపు, గులాబీ రెండూ కావాలంటే మేరీ పామర్ అని అడగండి. అది మన దేశంలోనే వేరే రకం మొక్క మీద ఒక కొమ్మ తనంతట తానే రంగు మారి పుట్టిన రకం. అవే రంగులతో, ఆకు మీద కూడా పసుపు మచ్చలున్నది తిమ్మా. ముద్దగా, గుత్తులుగా పూసేది మహారా. మొదటిసారి పెంచేవాళ్ళకి నా సలహా మామూలు గులాబీ రంగు నాటు రకం. అది తప్పుల్ని ఓర్చుకుంటుంది. తెలుపు, పసుపు రకాలు కాస్త సుకుమారం.

నాలుగైదు రంగులు ఒకే మొక్కకి అంటుకట్టి అమ్ముతుంటారు. అది కొంటే అంటు కింద నుంచి వచ్చే చివుళ్ళు ఎప్పటికప్పుడు గిల్లెయ్యండి. వదిలేస్తే రెండేళ్ళలో కింది మొక్కే మొత్తం ఆక్రమించేస్తుంది, పై రంగులు పోతాయి.

3. కొమ్మ నుంచి పెంచాలంటే

మంచి సమయం తొలకరి, అంటే రథయాత్రకి అటూ ఇటూ. ఫిబ్రవరిలో కూడా నాటవచ్చు.

పెన్సిల్ లావు ఉన్న, గోధుమరంగుకి తిరిగిన కొమ్మ తీసుకోండి. ఆకుపచ్చగా వంగే లేత కొమ్మ కుళ్ళిపోతుంది. జానెడు పొడవున, నాలుగు కణుపులైనా ఉండేలా కోయండి. కింది కోత కణుపుకి సరిగ్గా దిగువన ఏటవాలుగా, పై కోత తిన్నగా ఉండాలి. తలకిందులుగా నాటకుండా ఇదొక గుర్తు. ఆకులన్నీ తీసెయ్యండి. రూటింగ్ పౌడర్ ఉంటే కింది అంగుళం అందులో అద్దండి, లేకపోయినా నాటు రకాలకి వేళ్ళు వస్తాయి.

సగం ఇసుక, సగం మట్టి కలిపి రెండు కణుపులు లోపలికి పోయేలా గుచ్చండి. నాలుగు కొమ్మలు నాటితే రెండు బతుకుతాయనుకోండి, అందుకని అరడజను నాటండి. నీడలో పెట్టండి, వాన నేరుగా కొట్టకూడదు. మట్టి చెమ్మగా ఉంటే చాలు.

ఎక్కువమంది పొరపాటు ఇక్కడే చేస్తారు. మూడో వారానికి చిన్నచిన్న చివుళ్ళు వస్తాయి. "వచ్చేసింది!" అని పీకి వేరే కుండీలో పెడతారు, నాలుగు రోజుల్లో వాడిపోతుంది. ఆ చివుళ్ళు కొమ్మలో దాచుకున్న బలంతో వచ్చినవి, కింద వేళ్ళు ఇంకా ఉండవు. వేళ్ళు పట్టడానికి ఆరు నుంచి పది వారాలు పడుతుంది. నేను చేసేది చెబుతాను. మంచినీళ్ళ సీసాని సగానికి కోసి, అడుగున కన్నాలు పెట్టి, అందులో నాటుతాను. చుట్టూ నల్లటి కవరు చుట్టేస్తాను. వారానికోసారి కవరు కాస్త జరిపి చూస్తే తెల్లటి దారాల్లా వేళ్ళు సీసా గోడకి ఆనుకుని కనిపిస్తాయి. అవి కనిపించేదాకా ముట్టుకోవద్దు. లాగి చూసి పరీక్షించడం అస్సలు వద్దు. లాగితే లేత వేళ్ళు తెగుతాయి.

4. కుండీలోకి మార్చడం

ఈ తీగ పైన ఎంత మొండిదో, వేళ్ళు అంత నాజూకు. మందారం, గులాబీల వేళ్ళలాగా మట్టిని గట్టిగా పట్టుకుని ముద్దలా ఉండవు. నర్సరీ కవరు పట్టుకుని మొక్కని మొదలు దగ్గర పైకి లాగితే మట్టి రాలిపోయి వేళ్ళు తెగిపోతాయి. నర్సరీ నుంచి తెచ్చిన వారానికే మొక్క చచ్చిపోయిందంటే కారణం ఎక్కువగా ఇదే. నర్సరీవాళ్ళని తిట్టుకునే ముందు ఇది గుర్తు చేసుకోండి.

ముందురోజు మొక్కకి నీళ్ళు పోయండి. మర్నాడు సాయంత్రం కవరు అడుగుభాగాన్ని బ్లేడుతో గుండ్రంగా కోసి తీసెయ్యండి. కవరుతో సహా కొత్త కుండీలో దించి, పక్కన నిలువుగా ఒక కోత కోసి, కవరుని మెల్లగా పైకి జారనివ్వండి. చుట్టూ మట్టి నింపి వేళ్ళతో తేలిగ్గా అదమండి. కుండీ పెద్దదైతే మొక్క త్వరగా పెరుగుతుందని బానంత కుండీ తేకండి. వేళ్ళకి చోటు ఎక్కువైతే ఆకులు పెంచుకుంటూ కూర్చుంటుంది. ఈ మొక్క ఇరుకులోనే బాగా పూస్తుంది.

వారం రోజులు పలచని నీడలో ఉంచి, తర్వాత ఎండలోకి జరపండి.

5. నీళ్ళు

నాటిన మొదటి ఏడాది మామూలుగా పోయండి. మొక్క ఏడాది దాటాక ఈ పద్ధతి మొదలుపెట్టండి.

మట్టిలో వేలు రెండు గణుపుల లోతు గుచ్చండి. చెమ్మ తగిలితే ఆ రోజు పోయొద్దు. పొడిగా ఉంటే అడుగు కన్నాల్లోంచి కారేదాకా పోసి మళ్ళీ వదిలెయ్యండి. రోజుకో చెంబు చొప్పున పైపైన తడపడం చెడ్డ అలవాటు. పైన తడి, కింద వేళ్ళు ఉన్నచోట ఒకసారి బురద, ఒకసారి ఎండు.

ఆకులు పసుపుబారి రాలుతుంటే మనవాళ్ళు కంగారుపడి ఇంకా నీళ్ళు పోస్తారు. వేలు పెట్టి చూడండి. మట్టి తడిగా ఉండి ఆకు పసుపైతే అది నీళ్ళు ఎక్కువై. మట్టి పొడిగా ఉండి ఆకు వేలాడితే దాహం. రెండింటికీ మందు వేరు.

జూలై నుంచి సెప్టెంబరు దాకా మన వైపు ముసుర్లు పడతాయి. అప్పుడు కుండీ కింద ఇటుక ముక్కలు పెట్టి కన్నాలు నేలకి ఆనకుండా చూడండి. ఆ నెలల్లో ఆకులే ఉంటాయి, పూలు పెద్దగా రావు. దానికి టెన్షన్ పడొద్దు, మందులేమీ వెయ్యొద్దు.

6. కత్తిరింపు

పూలు కొత్త చిగురు మీదే వస్తాయి. పాత కొమ్మని ఎంత బతిమాలినా పూయదు. అందుకే కత్తెర తప్పదు.

దీపావళి వెళ్ళాక, కార్తీక పౌర్ణమి లోపల మొదటి కత్తిరింపు. అప్పటికి వానలు తెరిపిస్తాయి, పొద్దు పొట్టిదవుతుంది. పొడుగ్గా సాగిన కొమ్మల్ని మూడోవంతు పొడవు తగ్గించండి. ఎండుకొమ్మలు, లోపలికి పెరిగిన సన్నకొమ్మలు పూర్తిగా తీసెయ్యండి. మొదలు దగ్గర నుంచి నిట్టనిలువుగా బాణంలా లేచే లావు కొమ్మలుంటాయి, అవి బలమంతా తినేసి పూయవు. వాటిని మొదట్లోకి కోసెయ్యండి.

మొదటిసారి కోసినప్పుడు మనసు ఒప్పదు. మా ఇంట్లో ఆ సాయంత్రం ఎవరొచ్చినా "అయ్యో, ఏమైంది మొక్కకి?" అనే అడుగుతారు. రెండు వారాలు ఓపిక పట్టండి. ప్రతి కోత కిందా రెండు మూడు చివుళ్ళు ఎర్రగా లేస్తాయి.

ఆ చివుళ్ళు జానెడు పొడవు అయ్యాక నీళ్ళు బిగించండి. ఆకులు మధ్యాహ్నం కాస్త వడలి, సాయంత్రం కూడా తేరుకోకపోతే అప్పుడు సగం మగ్గు పొయ్యండి. మళ్ళీ వడలేదాకా ఆగండి. ఇలా మూడు నాలుగు వారాలు. ఆకు గలగలమని ఎండేదాకా మాత్రం ఆగకూడదు. మార్గశిర లక్ష్మివారాల పూజలు జరిగే రోజుల్లో మొగ్గలు కనబడటం మొదలవుతుంది. మొగ్గలకి రంగు రాగానే నీళ్ళు మళ్ళీ మామూలుగా పొయ్యండి. అప్పుడు కూడా ఎండగడితే రంగు ఆకులన్నీ ఒక్క రోజులో రాలిపోతాయి.

తొలివిడత పూత అయిపోయాక, ఫిబ్రవరిలో, పూసిన కొమ్మల చివర్లు బెత్తెడు మేర కోస్తే ఉగాది తర్వాత మరో విడత వస్తుంది. మహారా లాంటి ముద్దరకాల్లో వాడిన పూలు వాటంతట అవి రాలవు, గోధుమరంగులో వేలాడుతూనే ఉంటాయి. వాటిని మీరే కోసెయ్యాలి. జూన్‌లో వానలకి ముందు తేలిగ్గా ఒకసారి సవరించండి. ఆ ముక్కలే కొత్త మొక్కలకి పనికొస్తాయి.

ఒక హెచ్చరిక. ముల్లు లోతుగా దిగుతుంది, కొందరికి దీని పసరు తగిలితే చర్మం ఎర్రబడి దురద పెడుతుంది. తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, కాళ్ళకి చెప్పులు ఉండాలి. కోసిన ముళ్ళకొమ్మలు వీధిలో వేయకండి, పిల్లలూ పశువులూ తిరిగే చోటు.

7. ఎరువు

కత్తిరింపు రోజున కుండీకి రెండు చెంచాల ఎముకల పొడి, రెండు గుప్పెళ్ళ వర్మీకంపోస్టు పైమట్టిలో కలపండి. చివుళ్ళు వచ్చాక 20 రోజులకోసారి అర టీస్పూను పొటాష్, అదీ మట్టి తడిగా ఉన్నప్పుడు, మొదలుకి దూరంగా. అంతే. ఎముకల పొడి ఇంట్లోకి రానివ్వనివాళ్ళు వర్మీకంపోస్టుతోనే సరిపెట్టుకోవచ్చు, పూలు ఆగవు.

యూరియా వద్దు. పొలానికి తెచ్చింది మిగిలిందని గుప్పెడు విసిరిన ఇళ్ళు చాలా చూశాను. ఆ ఏడాది ఆకులు అరచేతంత వస్తాయి, పూలు సున్నా. పొరపాటున వేసేసి ఉంటే కుండీలో రెండు మూడుసార్లు నిండా నీళ్ళు పోసి కిందికి కారనిచ్చి, ఆరబెట్టి, తర్వాతి కత్తిరింపు దాకా ఏమీ వెయ్యకుండా ఉండండి.

8. పూత వస్తుందో లేదో ముందే చూసుకోవడం

ఇది నాకు బాగా ఇష్టమైన పని. కళ్ళజోడు పెట్టుకుని ఉదయంపూట మొక్క దగ్గర కూర్చోండి. కొత్త చిగురు తీసుకుని, ఆకు కాడ కొమ్మని కలిసే మూల చూడండి. ప్రతి ఆకు మూలలో ఆవగింజంత పచ్చటిది ఒకటి ఉంటుంది. ఈ తీగలో ముల్లు, పూగుత్తి రెండూ అదే చోటు నుంచి పుడతాయి. ఏది అవ్వాలో మొక్క తేల్చుకునేది అక్కడే.

ఆ పచ్చటిది సూదిలా ఒంటరిగా, నున్నగా సాగుతుంటే అది ముల్లు. కొన దగ్గర చిన్న ముడిలా ఉండి, దాని మీద సన్నటి నూగు, మడిచిన చిట్టి ఆకులు కనిపిస్తే అది పూగుత్తి. చిగురు మొదట్లో రెండు మూడు చోట్ల ముళ్ళు వచ్చి, చివరికి వెళ్ళేకొద్దీ ముడులు మొదలవుతాయి. కొన దాకా ముళ్ళే ఉంటే మీ మొక్కకి ఇంకా నీళ్ళు ఎక్కువ, ఎండ తక్కువ అని అర్థం. నీళ్ళు ఇంకో వారం బిగించి, కుండీని ఇంకాస్త ఎండలోకి జరపండి. ముడులు కనిపించాక మాత్రం కుండీని అటూ ఇటూ కదపకండి.

9. పాకించడం, తుపానుకి కాపాడటం

దీనికి కాకర, దొండ తీగల్లాంటి నులితీగలుండవు. ముళ్ళతో పక్కవాటిని పట్టుకుని ఎగబాకుతుంది, అంతే. గోడ మీదికి ఎక్కాలంటే మీరే కట్టాలి. పురికొసతో ఎనిమిది అంకె ఆకారంలో, కొమ్మ చుట్టూ చిటికెన వేలు దూరేంత వదులుగా కట్టండి. కరెంటు తీగముక్కలు, ప్లాస్టిక్ దారాలు కడితే కొమ్మ లావెక్కాక కోసుకుపోతుంది. కొమ్మని నిలువుగా కాకుండా పక్కకి వంచి కడితే ప్రతి కణుపు దగ్గరా చిగురొస్తుంది, పూలు ఎక్కువ.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా డాబా మీద ఏడేళ్ళ తీగ పిట్టగోడ కమ్మీతో సహా ఊడి కిందపడింది. దట్టంగా ఆకులున్న తీగ గాలికి తెరచాపలా పనిచేస్తుందని ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి సెప్టెంబరు ఆఖరుకే పైకి లేచిన కొమ్మల్ని సగానికి తగ్గిస్తున్నాను. తుపాను హెచ్చరిక రాగానే కుండీల్ని గోడ మూలకి చేర్చి పక్కకి పడుకోబెట్టండి. నేలలో ఉన్న మొక్క ఒరిగిపోతే ముందు కొమ్మలు కోసి బరువు తగ్గించి, తర్వాత నిలబెట్టి మూడు వైపులా ఊతం కట్టండి. కొమ్మలున్నప్పుడే లాగి నిలబెడితే మిగిలిన వేళ్ళు కూడా తెగుతాయి. మా తీగ మొదట్లోకి కోసేశాం, ఆ మార్చికే మళ్ళీ పూసింది.

పురుగులు

లేత చివుళ్ళకి పేనుబంక, కణుపుల దగ్గర తెల్లటి పిండినల్లి వస్తాయి. లీటరు నీళ్ళకి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలిపి సాయంత్రం ఆకుల అడుగుభాగం తడిసేలా కొట్టండి. వారం ఆగి మళ్ళీ ఒకసారి. ఆకు అంచులు కొరికినట్టుంటే టార్చి వేసుకుని రాత్రి చూడండి, ఆకుపచ్చ పురుగులు దొరుకుతాయి. ఏరి పారేస్తే చాలు.

నల్లరేగడి వైపు వాళ్ళకి

నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, దెగ్లూర్ వైపు మన తెలుగువాళ్ళు నేలలోనే నాటుతారు. నల్లరేగడి నీళ్ళు పట్టి ఉంచుతుంది కనుక గుంత తవ్వి అందులో నాటితే వానాకాలం వేళ్ళు కుళ్ళుతాయి. నేల మీద మూరెడు ఎత్తున ఎర్రమట్టి, ఇసుక దిబ్బ పోసి దాని మీద నాటండి. ఆ నేలల్లో ఇంకొకటి కూడా కనిపిస్తుంది. కొత్త ఆకు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. అది నీళ్ళ లోపం కాదు, ఇనుము అందకపోవడం. ఎరువుల దుకాణంలో చిలేటెడ్ ఐరన్ అడిగి, ప్యాకెట్ మీద రాసిన మోతాదులో ఆకుల మీద కొట్టండి. పదిహేను రోజుల్లో వచ్చే కొత్త ఆకు పచ్చగా ఉంటే సరిపోయినట్టు. పాత ఆకులు అలాగే ఉంటాయి, వాటిని చూసి మళ్ళీ కొట్టకండి.